ఈశ్వరరావు రాజ్యంలో మైల

అనకాపల్లి నెహ్రూచౌక్ దగ్గర ఒక సందులో ఈశ్వరరావు నెట్టు సెంటరు ఉండేది. రెండువేల ఐదు, ఆరు ఆ రోజుల మాట. రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్సు మిషను, కరెంటున్నప్పుడు ఒక ఫ్యాను. పరీక్షల ఫలితాలొచ్చిన రోజు తప్ప కంప్యూటర్ల ముందు పురుగు కూడా కూర్చునేది కాదు. జెరాక్సు మిషను దగ్గర మాత్రం రోజూ తగువే. తీసిన కాగితాలు ఈశ్వరరావు లెక్కపెట్టి ఇస్తే, పుచ్చుకున్నవాడు అతని ఎదురుగానే మళ్ళీ లెక్కపెట్టుకునేవాడు. ఇంట్లో భార్య శాంతికుమారి కూడా అంతే. పాలు పొంగాయని అతను చెప్తే, లేచి వెళ్ళి చూసి, అప్పుడు పొంగాయనేది. మొత్తానికి నలభై ఏళ్ళు దగ్గరపడ్డా, తన మాట ఒక్కటి ఒక్కసారైనా ఎక్కడా చెల్లలేదన్న దిగులు ఆ మనిషికి ఉండిపోయింది.

అలాంటివాడికి, ఈగలు తోలుకుంటున్న ఒక మధ్యాహ్నం, కంప్యూటర్లో ఒక పేజీ కనబడింది. ఏ దేశపువాడో పాపం, ఓపిగ్గా రాసి పెట్టాడు. అదొక ఆటట. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. అందులో ఒకడు ఆట పెద్ద. లేని రాజ్యం ఒకటి ఉందని అతను చెప్తాడు, మిగతావాళ్ళు అందులో వీరులై తిరుగుతారు. "ఎదురుగా అడవి, లోపల ఏదో మూలుగుతోంది, ఏం చేస్తారు?" అని పెద్ద అడిగితే వాళ్ళు ఏం చేస్తారో చెప్పాలి. అంతే. పేకముక్కల్లేవు, పందెం లేదు. ఆ పెద్దకి పనికొచ్చే సరంజామా అంతా ఆ పేజీలో ఉంది: రాజ్యం ఎలా కట్టాలి, సత్రాలు ఎన్ని రకాలు, దెయ్యాలకి ఏం పేర్లు పెట్టాలి, కోట కాపలావాడు ఎలా మాట్లాడాలి, ఆటగాళ్ళు దారి తప్పితే ఎలా మళ్ళించాలి. ఈశ్వరరావుది బీకాం ఇంగ్లీషు. డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని చదివాడు. అర్థమైనకొద్దీ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఒకడు చెప్పడం, మిగతావాళ్ళు నోరు మూసుకుని వినడం! భూమ్మీద ఇలాంటి ఆట ఒకటి ఉండగా ఇన్నాళ్ళూ తనకెవరూ చెప్పలేదేమా అని ఎవరిమీదో తెలియని కోపం కూడా వచ్చింది.

ఆ సరంజామా అంతా ప్రింటు తీశాడు. మంచి కాగితం ఖరీదు కదా, పాడైపోయిన జెరాక్సుల వెనక వైపు తీశాడు. అంచేత అతని రాజ్యంలో ప్రతి అడవి వెనకా ఎవరిదో ఒకరిది కులధ్రువీకరణ పత్రం ఉండేది.

ఒక్కటే దొరకలేదు. ఆ ఆటకి ఇరవై ముఖాల పాచిక కావాలి. బజారంతా తిరిగాడు. బొమ్మల కొట్టువాడు లూడో పాచిక చేతిలో పెట్టి, "ఆరు మొకాలు సాలవా బాబూ నీకు," అన్నాడు. చివరికి ఇంట్లో పడి ఉన్న తంబోలా పెట్టెలోంచి ఒకటి నుంచి ఇరవై దాకా బిళ్ళలు ఏరి, ఒక పాల డబ్బాలో పోశాడు. ఏ సాహసం చేసినా డబ్బాలో చెయ్యి పెట్టి బిళ్ళ తియ్యాలి. పెద్ద అంకె వస్తే గట్టెక్కినట్టు, చిన్నదొస్తే చిక్కినట్టు. ఒకటొస్తే ఇక దేవుడే దిక్కు.

ఆదివారం మధ్యాహ్నాలు షట్టరు సగం దించి ఆట మొదలెట్టాడు. ఆటగాళ్ళు ముగ్గురు. శాంతికుమారి, ఆదివారం కూడా మొగుడు ఇంటిపట్టున ఉండడని తేలిపోయాక తనే కొట్టుకొచ్చి కూర్చుంది. రెండోవాడు మత్స్యరాజు, పాడేరు కొండల నుంచి దిగొచ్చి బెల్లం మార్కెట్లో గుమస్తాగా స్థిరపడ్డవాడు. ఈశ్వరరావుని బావా అని పిలుస్తాడు. మూడోవాడు పైడిరాజు, కశింకోట సర్వీసు ఆటో తోలతాడు. ఇతనికి ఈశ్వరరావు మామ.

మొదటి రోజే ఆ పేజీలో ఎక్కడా హెచ్చరించని తప్పు ఒకటి జరిగిపోయింది. ఎవరెవరు ఏ వీరులో, పేర్లేమిటో చెప్పమన్నాడు ఈశ్వరరావు.

"పేరేటి మామా, పైడిరాజు. నీకు తెల్దా?" అన్నాడు పైడిరాజు.

"అది నీ పేరురా. ఆటలో నువ్వు ఇంకొకడివి. వాడికో పేరు పెట్టు."

"ఇంకోడి పేరెట్టుకుంటే ఆడు సేసిందానికి నానెందుకు పూచీ? రేసను కార్డులో ఏటుందో అదే రాయి."

మత్స్యరాజు మరీ మొండి. "మా తాత పేరు బావా ఇది. మార్చేనని తెలిస్తే కొండ మీద మావాళ్ళు నన్ను గుమ్మం ఎక్కనివ్వరు," అన్నాడు. శాంతికుమారి అయితే అసలు ప్రశ్నే వినలేదు, ఆ రాజ్యంలో సొంతిల్లు ఎక్కడ దొరుకుతుందని అడిగింది. సరే, ఎవరి పేర్లు వారివే ఉండిపోయాయి. పోనీలే, ఏమైందిప్పుడు అనుకున్నాడు ఈశ్వరరావు.

రాజ్యం కూడా అనుకున్నట్టు సాగలేదు. ఎంతో కష్టపడి నది గీస్తే, "ఇది శారదా నదే కదా," అన్నారు. రాజధానికి తీసుకెళ్తే ఖజానా ఎక్కడని అడగలేదు, బెల్లం మార్కెట్టు ఎక్కడని అడిగారు. లేదన్నాడు. లేకపోతే రాజు ఏం చేస్తున్నాడని మత్స్యరాజుకి కోపం వచ్చింది. ఇక ఆఖరి అస్త్రంగా, నిప్పులు కక్కే రెక్కల పాముని గుహలోంచి బయటికి వదిలాడు. కత్తులు దూస్తారని చూస్తే ముగ్గురూ దానికి దండం పెట్టారు.

"నాగులచవితికి పాలు పోసిన చేత్తో దాన్ని పొడవమంటారేటండీ?" అంది శాంతికుమారి. "ముందు అదేం తింటుందో కనుక్కోండి."

అది చెరుకు పిప్పి తింటుందని మత్స్యరాజు తేల్చాడు. పక్కవారం నుంచి ఆ పాము నోటి మంట మీద పెనం పెట్టి బెల్లం వండటం మొదలెట్టారు. యుద్ధానికి ముస్తాబై కూర్చున్న ఈశ్వరరావు, వీరులు పాకం తీస్తూ ఉంటే దిమ్మలు ఎంతెంత ఉండాలో చూసుకుంటూ నెలలు గడిపాడు. అయితే అతనికి లోలోపల బాధేమీ లేదు. గుహ ఉందంటే ఉందంటున్నారు, వానొచ్చిందంటే తడుస్తున్నారు. ఒక్కరు కూడా లేచి చూసి రావట్లేదు. పైగా డబ్బాలో బిళ్ళ ఏం చెప్తే అది జరిగి తీరాలి, పెద్దయినా దాన్ని మార్చకూడదు. ఆ నియమం అతనికి ప్రాణం. తను కూడా మార్చలేడు గనకే తన మాటకి విలువొచ్చిందని అతనికి బాగా తెలుసు.

ఇలా సాగుతుండగా ఒక ఆదివారం ఆటలో పైడిరాజు చచ్చాడు. ఎలాగంటే, తన ఆటో గుణం వల్లే చచ్చాడు. కోటకి పోయే సొరంగంలో ముందు కర్రతో నేల తట్టి చూసుకుని నడవాలని మిగతా ఇద్దరూ ఆగారు. పైడిరాజు ఆగడు కదా, రోడ్డు మీద ఎక్కడైనా ఆగితేగా. "సైడివ్వండి," అని ముందుకెళ్ళిపోయాడు. ఈశ్వరరావు డబ్బా జాపాడు. బిళ్ళ తీస్తే ఒకటి.

"పైడిరాజు గోతిలో పడ్డాడు. పైడిరాజు చనిపోయాడు," అని రేడియోలో వార్తలు చదివినంత స్పష్టంగా ప్రకటించాడు ఈశ్వరరావు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన అతనికి కాస్త గర్వంగానే ఉంది.

పైడిరాజు పడీపడీ నవ్వాడు. శవమే ఎదురుగా కూర్చుని పకోడీలు తింటూ ఉండగా అసలు చిక్కు మొదలైంది. పదండి, కోటలోకి వెళ్దామన్నాడు పెద్ద. మత్స్యరాజు కదల్లేదు.

"ఎలా వెళ్తాం బావా? ఈ రాజ్యంలో ఆడూ నేనూ అన్నదమ్ముల వరస. మైల గదా. కోట గుమ్మంలో అమ్మవారుందని నువ్వే చెప్పేవు."

"పెనం కూడా దించేయండి," అంది శాంతికుమారి. "చావొచ్చిన ఇంట్లో పొయ్యెలా వెలుగుతుంది? పాముకి కూడా సెలవే."

ఈశ్వరరావు కాగితాలన్నీ తిరగేశాడు. రకరకాల సత్రాలున్నాయి, రకరకాల తాళాలున్నాయి, మైల మాట మాత్రం ఎక్కడా లేదు. ఆ దేశాల్లో మనుషులు చస్తే మిగతావాళ్ళు వెంటనే పక్క గదిలోకి వెళ్ళిపోతారు కాబోలు. ఆ వేళకి ఆట అక్కడే ఆగింది.

పైడిరాజు ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుంటూ, "అమ్మా, ఇయ్యాల నాను సచ్చిపోనాను," అని నవ్వుతూ చెప్పాడు. తల్లి చిన్నమ్మలు నవ్వలేదు.

ఆవిడ నవ్వకపోవడానికి కారణం ఉంది. ఆవిడ మొగుడు సత్తియ్య చెరుకు బండి తోలేవాడు. ఒకనాడు పొద్దున బండి కడుతూ, "పోతన్నానే," అన్నాడు. "పోతన్నానంటావేటి, ఎల్లొత్తానను," అందావిడ. "ఏదైతే ఏటి, ఎల్లడమే కదా," అని నవ్వి వెళ్ళాడు. హైవే మీద లారీ గుద్దింది. ఎడ్లు బతికాయి, మనిషి రాలేదు. అప్పట్నించి చిన్నమ్మలుకి మాటంటే భయం. నోటితో అన్నది ఎక్కడికీ పోదని, ఎక్కడో ఒకచోట కూర్చుని ఎదురుచూస్తుందని ఆవిడ నమ్మకం. అలాంటిది కన్నకొడుకుని, ఇంటిపేరుతో సహా రాసి, పేరు పెట్టి పిలిచి, చచ్చాడని నలుగురిలో చెప్పడం.

మర్నాడు పొద్దున్నే కొట్టు దగ్గర ఆటో ఆగింది. చచ్చినవాడే తల్లిని వెనక కూర్చోబెట్టి తోలుకొచ్చాడు.

"తమ్ముడా, మావోడిని సంపేసేవట," అంది దిగుతూనే.

"ఆటలో అప్పా. ఉత్తి ఆట," అన్నాడు ఈశ్వరరావు, జెరాక్సుకొచ్చినవాళ్ళు వింటున్నారని గొంతు తగ్గించి.

"ఉత్తిదే అయితే బతికించీ. ఒక్క మాటే గదా."

"నా చేతిలో లేదప్పా. బిళ్ళ ఒకటి వచ్చింది."

"డబ్బా ఎవుడిది?"

"నాదే."

"బిళ్ళలెవుడివి?"

"నావే."

"మరి నీ సేతిలో నేదంటావేటి?"

కానీ ఈశ్వరరావు మెత్తబడలేదు. మెత్తబడితే ఏమవుతుందో అతనికి కళ్ళకి కట్టినట్టు కనబడింది. ఇవాళ పైడిరాజు లేస్తాడు, రేపు మత్స్యరాజు తనకి నచ్చని బిళ్ళ మళ్ళీ తీస్తానంటాడు, ఎల్లుండి వానొచ్చిందంటే ఎవరూ తడవరు. తన మాట చెల్లే చోటు ఊరు మొత్తం మీద ఆ బల్ల ఒక్కటే. కుదరదని చెప్పేశాడు.

"అయితే ఆడు బతికేదాకా ఆటో ముట్టుకోడు," అని చిన్నమ్మలు కొడుకు చేతిలోంచి తాళం లాక్కుంది. ఇద్దరూ వేరే ఆటో ఎక్కి కశింకోట వెళ్ళిపోయారు. ఆటో మాత్రం కొట్టు ముందే, వచ్చేపోయేవాళ్ళకి అడ్డంగా ఉండిపోయింది.

తల్లి చాదస్తానికి పైడిరాజు నవ్వుతాడనుకున్నారంతా. మొదటి రోజు నవ్వాడు. తర్వాత అతనికీ అదోలా అయింది. రోడ్డు దాటాలంటే రెండువైపులా చూసి, మళ్ళీ చూసి, వెనక్కొచ్చేస్తున్నాడట. ఆ సర్వీసుకి అలవాటు పడ్డ జనం కొట్టు ముందు ఆగి, "పైడిరాజుని ఎప్పుడు బతికిత్తావు బాబూ, మాకు లేటైపోతంది," అని అడగసాగారు. అందులో ఒకాయన హెడ్మాస్టరు.

"ఒక్క మాట అనేస్తే మీదేం పోతుందండీ?" అంది శాంతికుమారి.

"మాటే పోతుంది," అన్నాడు ఈశ్వరరావు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. మొండితనం ఒకవైపు, చిన్నమ్మలప్ప మొహం ఒకవైపు. ఆవిడ నిజంగా భయపడుతోంది, అది నటన కాదు. ఆ భయం పెట్టింది తనే. రెండు రోజులు కాగితాల మీద పడి, ఆ పేజీలో లేని దారి ఒకటి తనే కట్టాడు. రాజ్యానికి దక్షిణాన చచ్చినవాళ్ళ కోట ఉంది. బతికున్నవాళ్ళలో రక్తసంబంధం ఉన్నవాళ్ళు అక్కడికి నడిచి వెళ్ళి, కాపలావాణ్ణి అడగొచ్చు. అయితే బిళ్ళ తియ్యాల్సిందే, పదిహేను దాటాల్సిందే. దాటకపోతే తనైనా చేసేదేమీ లేదు. ఆ సంగతి చిన్నమ్మలుకి కబురు పంపించాడు.

ఆదివారం చిన్నమ్మలు తలస్నానం చేసి, గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. పైడిరాజుని పక్కనే కూర్చోబెట్టుకుంది. మత్స్యరాజూ శాంతికుమారీ మైల గనక ఒక పక్కగా జరిగారు.

"ఎంత దూరం?" అంది.

"ఏడు కొండలు దాటాలప్పా."

"నడిసేనా? సరే ఎల్దాం. నానెప్పుడు కూకున్నాను గనక."

ఎండ, ముళ్ళు, వాగులు అన్నీ చెప్పాడు ఈశ్వరరావు. ఆవిడ దేనికీ ఆగలేదు. వాగు దగ్గర చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుంది, నిజంగానే, కుర్చీలో. చివరికి ఇనప గుమ్మం వచ్చింది. కాపలావాడి గొంతు ఎలా ఉండాలో ఆ పేజీలో ఉంది కాబట్టి, ఈశ్వరరావు బొంగురు గొంతు పెట్టి, "ఎవరది? బతికున్నవాళ్ళకి ఇక్కడేం పని?" అని గద్దించాడు.

చిన్నమ్మలు లేచి నిలబడింది. ఇందాకటిదాకా తమ్ముడా అన్న మనిషి ఒక్కసారిగా వరస మార్చేసింది.

"దండాలు బాబూ. ఏ ఊరు నాయనా మీది?"

కాపలావాళ్ళ ఆయుధాలున్నాయి, కోపాలున్నాయి, గడ్డాలున్నాయి. ఊళ్ళు మాత్రం ఆ కాగితాల్లో లేవు. ఈశ్వరరావు నోటికేదొస్తే అది అనేశాడు. "నాతవరం."

"నాతారమా? మా ఆడబడుసుని అక్కడే ఇచ్చేం. అయితే మనోళ్ళే. బాబూ, మావోడు తెలీక సొంత పేరెట్టుకుని ఆటాడేడు. ఆ పేరు సూసుకుని మీరు రాసీసుకున్నారు. మీ తప్పు కాదు, ఆడి తప్పూ కాదు. ఆ పేరు కొట్టీండి, తీసుకుపోతాను."

అందరూ ఈశ్వరరావు వైపు చూశారు. అతనికి ఒప్పేసుకోవాలనే ఉంది. పళ్ళు బిగబట్టి డబ్బా జాపాడు. "బిళ్ళ తియ్యి తల్లీ. పదిహేను దాటితే నీ కొడుకు నీకే."

చిన్నమ్మలు కళ్ళు మూసుకుని డబ్బాలో చెయ్యి పెట్టింది. చాలాసేపు కలిపింది. బయటికి తీసి గుప్పిట విప్పితే, అందులో ఒక్క బిళ్ళ కాదు, ఏడో ఎనిమిదో ఉన్నాయి. చేతికెన్ని పడితే అన్ని తీసేసింది.

"ఒకటే తియ్యాలి కదే అమ్మా," అన్నాడు పైడిరాజు నీరసంగా.

"ఆ సంగతి నాకెవుడు సెప్పేడు?"

ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా అని ఎవరూ చెప్పలేదు. ఈశ్వరరావు బిళ్ళలకేసి చూశాడు. అన్నీ కలిపితే పదిహేనేమిటి, యాభై దాటేస్తుంది. ఇన్నాళ్ళూ తను చెప్తూ వచ్చిన మాట "బిళ్ళ తియ్యాలి" అనే. ఒకటే తియ్యాలని ఏనాడూ అన్నవాడు కాదు. అంటే నియమం తప్పినట్టు కాదు. తన మాట తన మాటగానే ఉంది. అది తట్టగానే అతని గుండెలమీంచి బరువు దిగిపోయింది.

"దాటింది," అన్నాడు బొంగురు గొంతుతోనే. "పైడిరాజు బతికాడు. తీసుకెళ్ళు తల్లీ."

మత్స్యరాజు బల్ల చరిచాడు. శాంతికుమారి, పెనం ఎక్కించెయ్యొచ్చా అని అడిగింది. పైడిరాజు లేచి ఒళ్ళు విరుచుకుని, ఆటో తాళం కోసం తల్లి ముందు చెయ్యి చాపాడు. కొంగుముడి విప్పి తాళం ఇచ్చేసింది చిన్నమ్మలు. ఇచ్చింది గానీ కూర్చోలేదు. అందరూ వెనక్కి తిరిగి రాజ్యంలోకి వచ్చేశారు, ఆవిడొక్కతే ఇంకా ఆ గుమ్మం దగ్గర ఉండిపోయింది.

"బాబూ," అంది మెల్లిగా. "ఇంత దూరం ఎలాగూ వచ్చేను గదా. మా సత్తియ్య లోపలున్నాడేటో. ఒక్కపాలి కేకేత్తావా?"

పైడిరాజు గోడవైపు తిరిగాడు. ఈశ్వరరావు చెయ్యి అలవాటుగా డబ్బా మీదకి పోయింది, కానీ దాన్ని ఆవిడ వైపు జరపలేకపోయాడు. పక్కకి తోసేశాడు. ఏడుపొచ్చింది. ఆ బొంగురు గొంతు ఎంత ప్రయత్నించినా మళ్ళీ రాలేదు, తన గొంతుతోనే చెప్పాడు.

"ఉన్నాడమ్మా. అన్నం తిని ఇప్పుడే పడుకున్నాడు."

చిన్నమ్మలు గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసినట్టు కాస్త వంగింది. తర్వాత కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది.

"అయితే లేపకు నాయనా," అంది. "ఎండన పడొచ్చుంటాడు."